ఎంగిలి

అకితాలో మంచు మూడో రోజూ తెరిపివ్వలేదు.
ఆసుపత్రి నేలమాళిగలో చిగుసా కుదో
మైనపు దిమ్మెను కోస్తోంది,
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ఊరి కడుపుల్ని ఆమే కోస్తోంది.

ఇవాళ్టి దిమ్మె మీద పేరు లేదు, అంకె ఉంది.
ఆ అంకె ఆమెకు నోటికొచ్చు.
పక్క బల్లవాళ్లకు చెప్పలేదు.
గోరువెచ్చని నీళ్ల మీద
ఉల్లిపొర కన్నా పల్చగా
తన కడుపే విచ్చుకుంటుంటే
కుంచెతో ముడత సరిచేసింది.

"మీ వంశంలో ఎవరికైనా?" అన్నాడు డాక్టరు.
లేదంది. నిజమే.
నాన్నని సముద్రం తీసుకుంది,
అమ్మకి తొంభై రెండు.

అచ్చుతప్పులు ఆమెకి తెలుసు.
ఒక్క గుణింతం జారితే చాలు
కూడు కీడవుతుంది.
ఇది అది కాదు.
అక్షరాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి,
నెత్తిన మాత్రం ఆవగింజలో ఆవగింజంత మూత.
చదువుతూ వచ్చినవాడు అక్కడ ఆగి
దాటేసి పోతాడు.
కణం చేతిని కణానికి అందించే మాట
అలాగే మూగబోయింది.
పట్టు వదిలిన కణం, కేంద్రకం ఓ పక్కకి ఒత్తుకుపోయి
ఉంగరంలా కనిపిస్తుంది,
ఏ వేలిదీ కాని ఉంగరం.

మూతలు పెట్టింది ఓ మెలికల సూక్ష్మజీవి.
ఆరేళ్ల కిందటే వారం రోజుల మాత్రలతో వెళ్లగొట్టారు.
చుట్టం పోయాడు,
మూతలు తీసి పోలేదు.

వచ్చిందెప్పుడో?
పళ్లు రాని నోటికి జ్ఞాపకాలుండవు.
కానీ ఆ ఇంట్లో చూరుకి వేలాడే ముల్లంగులు,
పొగ, ఉప్పు, ఊరగాయ కుండ,
పొలానికి పోయే తొందరలో
అన్నం మెత్తగా నమిలి
నోట్లోంచి తీసి నోట్లో పెట్టిన అమ్మ.
చెల్లెళ్లకి పెడుతుంటే చూసింది.
తనకీ అలాగే పెట్టి ఉంటుంది.

దాన్ని వారసత్వం అనాలా?
ఫారంలో ఆ గడి లేదు.

గాజుపలక ఆరింది. గులాబీ, ఊదా.
కటకం కింద పెట్టి చూడలేదు,
చూడటం డాక్టరు పని.
మిగతా పలకల మధ్య సర్ది
కోటు తగిలించి బయల్దేరింది.

వృద్ధాశ్రమంలో రాత్రి గంజి వేళ.
వేడి చూద్దామని ఓ చెంచా నాలిక్కి తాకించి
అదే చెంచా అమ్మకి పెట్టబోయి
ఆగింది.
సొరుగులో ఇంకో చెంచా కోసం వెతుకుతోంది.

అమ్మ నోరు
తెరుచుకునే ఉంది.