మూడో అంకం

లైప్‌జిగ్ ఒపేరా హాల్లో
తలుపు దగ్గర నిలబడటం రోస్విథా ఉద్యోగం.
ముప్పై ఒక్క ఏళ్లుగా కథంతా
ఆమెకు కాళ్లే చెప్పేవి:
మొదటి అంకం మడమ,
రెండోది చిటికెన వేలు,
నాయిక చనిపోయే వేళకి
బొటనవేలి పక్క ఎముక సలుపు.

కొన్నవన్నీ నల్లగా, నాజూగ్గా, సూదిమూతితో,
ఎవరి పాదాన్నో ఊహించుకుని కుట్టినవి.

ఈసారి, బూట్లు కుట్టే ముసలాయన
పాత పేపరు పరిచి, నిలబడమని,
పెన్సిల్‌తో చుట్టూ గీశాడు.
బొటనవేలి దగ్గర గీత బయటికి పొడుచుకొచ్చింది.
"అబ్బే, వంకర" అందామె సిగ్గుగా.
"వంకర కాదు, అది మీరు" అన్నాడు,
రబ్బరు తియ్యకుండా.

వెడల్పాటి మూతి, రెండు వేళ్ల మడమ,
మెత్తటి మేకతోలు. నలుపే. మెరుపూ ఉంది.

శనివారం రాత్రి
ఏ అంకమో కాళ్లు చెప్పలేదు.
మెడ చాచి
వేదిక వైపు చూడాల్సొచ్చింది.