ఏడో నంబరు బూట్లు

గురువారంతో కెజయా బ్లాంచర్డ్‌కి పద్దెనిమిది నిండాయి.
గ్రిమ్స్‌బీ రేవు మీద ఆ పొద్దున కూడా
చేపల కంపు, ఉప్పు మంచు,
పనిలేని క్రేన్ల మీద సీగల్ పక్షుల పంచాయితీ.
కౌన్సిల్ భవనం మూడో అంతస్తులో
ఆమె ఫైలు తెరిచాను.
మూడు సంపుటాలు. పదకొండు చిరునామాలు.
ఒకే ఒక్క ఫొటో, అదీ బస్ పాస్ కోసం తీసింది.

చట్టం ప్రకారం ఆమెకి తల్లీ తండ్రీ మేమే.
మేమంటే కౌన్సిల్.
కౌన్సిలంటే కిటికీ పక్క టేబుల్ దగ్గర నేను,
సెలవులో ఉన్న ఇద్దరు,
భర్తీ చెయ్యని ఒక కుర్చీ.
ఇంత పెద్ద తల్లికి ఒడి ఎక్కడుంటుందో
ఇరవై రెండేళ్ళుగా వెతుకుతున్నాను.

సోమవారం నుంచి ఆమె వెల్డింగ్ అప్రెంటిస్.
సముద్రంలో నిలబడే గాలిమరలకి
కాళ్ళు అతికే యార్డు.
ఉక్కు ముక్కు బూట్లు లేనిదే గేటు దాటనివ్వరు.
భత్యం వస్తుంది, రాకపోదు.
యజమాని సంతకం, కాలేజీ ముద్ర, మా ధ్రువీకరణ
మూడూ ఒకే కాగితం మీద కలుసుకున్నాక,
మరో రెండు నెలలు గడిచాక.
కాళ్ళకి ఆర్థిక సంవత్సరం తెలీదు.

జీతం మొదలైతే అద్దె సాయం తగ్గుతుందని
మెత్తటి గొంతుతో చెప్పింది నేనే.
"మరి పని చెయ్యకపోతే?"
"ఎందుకు చెయ్యలేదని ఉత్తరం వస్తుంది."
నవ్వింది.
పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారే,
ఆ అమ్మ ఎవరో నాకు ఆ పూట తెలిసింది.
మెడలో ఐడీ కార్డు కూడా ఉంది ఆవిడకి.

ఫారంలో ఒక గడి: ఆపదలో ఎవరికి ఫోన్ చెయ్యాలి?
పెన్ను చాలాసేపు ఆగింది.
తర్వాత రాసింది, వెండీ గ్యారిటీ.
సంబంధం: బడిలో వంటావిడ.

ఆ బడి నాకు తెలుసు.
లెక్కల గదిలో కప్పు కారితే బకెట్ పెట్టారు.
బకెట్‌కి ఇప్పుడు నాలుగేళ్ళు,
ఆస్తుల జాబితాలో దానికో నంబరు.
సంగీతం టీచరు వెళ్ళింది, వెనకే పియానో వెళ్ళింది,
అది ఉన్నచోట నేల మీద
ఎండ తగలని నలుచదరం మిగిలింది.
వెండీ పని గంటలూ కోశారు.
అయినా పదకొండు ఇళ్ళు మారిన పిల్లకి
ఒంటిగంటకి బఠాణీలు ఒక గరిటె ఎక్కువేసే చెయ్యి మాత్రం
మారలేదు.
దీనికి ఏ పద్దు కిందా కోడ్ లేదు. చూశాను.

శుక్రవారం సాయంత్రం రోడ్ల శాఖ గోదాం తెరిపించాను.
రిటైరైన ఎవరో మనిషి వదిలిన జత,
మగవాళ్ళ ఏడో నంబరు. ఆమెది ఐదు.
ముందు భాగంలో కాగితాలు కుక్కాం.
"కొత్త బడ్జెట్‌పై మీ అభిప్రాయం చెప్పండి",
మేమే అచ్చు వేసిన కరపత్రాలు.
మొదటిసారి ఎవరికో పనికొచ్చాయి.

మూడోవారం యార్డుకి వెళ్ళాను, తనిఖీ పేరుతో.
ఆమె వేసిన అతుకు వంకరగా, ఉబ్బుగా,
ఎక్కడో కాస్త కాలి ఉంది.
ఫోర్‌మన్ ఆస్గర్బీ వంగి చూశాడు,
గ్రైండర్ పట్టి మొత్తం చెరిపేశాడు.
"మళ్ళీ వెయ్యి" అని టీకి వెళ్ళిపోయాడు.
ఎవరూ ఉత్తరం రాయలేదు.
చిరునామా మార్చలేదు.
ముసుగు దించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.
నిప్పురవ్వలు ఆ వదులు బూట్ల మీద రాలి
ఆరిపోతున్నాయి.

గోదాం రిజిస్టర్లో ఒక వరుస ఇంకా నా దగ్గరుంది.
వస్తువు: బూట్లు, ఒక జత, వాడినవి.
తీసుకున్నది: కె. బ్లాంచర్డ్.
తిరిగి ఇచ్చిన తేదీ:
నిన్న స్టోర్ గుమాస్తా రెండోసారి అడిగాడు.
ఫైలు కనిపించడం లేదని చెప్పాను,
నా మోచేతి కిందే పెట్టుకుని.