ఒక పోగు ఎక్కువ

ఎనిమిదో నెల పడ్డంక
మగ్గం గుంత నన్ను పట్టనన్నది.
కాళ్లు దిగుతయి, నడుము దిగుతది,
కడుపు కాడికొచ్చేసరికి దోనె అడ్డం.
రెండుసార్లు జూసిన.
మూడోసారి లింగస్వామి నవ్వు ఆపుకోలేక
"ఇగ బయటనే గూసో" అన్నడు.

గట్ల ఆసు కాడికొచ్చిన.
నడుము ఎన్క పాత దిండు,
చెయ్యి అటు పోతది, ఇటొస్తది,
మేకుకో సుట్టు, మళ్ల అటు.
చీరెకు తొమ్మిదివేలసార్లంటరు.
ఎవలు లెక్కవెట్టిన్రో ఏమో,
నా భుజానికైతే నమ్మకమే.

గట్టుప్పల్ల ఎండ రేకుల మీదికెళ్లి
రాత్రైనా దిగదు.
పండుకునుడంత ఎడమదిక్కే.
కుడికి తిరిగిన్నా
పోరడో పోరియో
మడిమెతోని పొడిచి "ఓయ్" అంటది.
ఒంటిగంటకోసారి, మూడింటికోసారి లేస్తె
అండాలత్త చీకట్లకెళ్లే
"లైటేస్కో" అంటది.
ఆమె ఎప్పుడు నిద్రపోతదో నాకు ఎర్కలేదు.

మొన్న ఆశా సైదమ్మ
టేపు వెట్టి కడుపు కొల్చింది.
బట్ట కొల్చుడు తెల్సు గని
నన్ను గూడ కొలుస్తరనుకోలే.
"ముప్పైమూడు" అని రాసుకున్నది.
సెంటీమీటర్లా అక్కా, వారాలా?
రెండూ ఇంచుమించు ఒకటేనంట.
వారానికొక సెంటీమీటరు
తనను తాను నేసుకుంటదంట లోపల.
నేనైతే దినానికి మూరలకు మూరలు నేసినదాన్ని.
నిదానమే మంచిది బిడ్డా,
పోగు తెగకుంట.

అత్త మోకాళ్లు దొడ్డిదారి పట్టినయి,
చిన్నప్పటి సంది బోరునీళ్లు తాగిన బొక్కలు.
నిలవడాలంటె గోడ కావాలె,
గూసోవాలంటె దేవుడు కావాలె.
నన్నైతే ఆ నీళ్లు ముట్టనియ్యదు.
అన్నానికీ క్యాను నీళ్లే, చాయకూ క్యాను నీళ్లే.
"నా బొక్కలు జూసి
నీ బిడ్డ బొక్కలు నేర్సుకోవద్దు" అంటది.
అంగన్‌వాడీ గుడ్డు పొట్టు తీసి
నేను మింగేదాక ఎదురుంగనే ఉంటది.

గంత ప్రేముండి గూడ
పుట్టకముందు ఏం కొనొద్దంటది.
గౌను వద్దు, టోపి వద్దు,
ఊయెల మాట ఎత్తనే వద్దు.
సరే అన్న.

బియ్యం డబ్బ ఎన్కాల చింతపండు కోసం
చెయ్యి వెడితే మెత్తగ తగిలింది.
మామ పాత పంచెలు.
చింపి, ఉడకవెట్టి, ఎండేసి,
అంచులు మడిచి సూదితో కుట్టినయి.
ఎంచిన. పదకొండు.
కొనొద్దన్నది గని
కుట్టొద్దని ఎన్నడన్నది?
మళ్ల గట్లనే మడతవెట్టి జరిపిన.
ఆమె బట్టలు దాస్తున్నది,
నేను చూసింది దాస్తున్న.

నిన్న మాపటీలి
ఎన్నో వెయ్యి కాడున్ననో,
లోపలికెళ్లి దబ్బున ఒక్క తన్ను.
చెయ్యి గాలిల ఆగింది.
ఏ మేకు కాడికొచ్చిన్నో మర్సిన.
ఒక పోగు రెండుసార్లు పడ్డది.

పొద్దుగాల చిటికి కట్టుకుంట
లింగస్వామి వేలు ఆపిండు.
"గిక్కడ ఒకటెక్కువున్నది. తియ్యాల్నా?"
"ఉండనియ్."
"సేటు జూస్తె పైసలు కోస్తడు."
"కోస్తె కోయనియ్."
నా మొఖం జూసిండు,
కడుపు జూసిండు,
ముడేసి పక్క పోగుకు పోయిండు.

యాడనో ఏ పెండ్లిలనో
ఎవలో కట్టుకుంటరు ఆ చీరె.
కుచ్చిళ్లల్ల ఓ కాడ
నా బిడ్డ తన్ను మడతవడి ఉంటది.
ఆమెకు ఎర్కుండదు,
జర ఎగుడుదిగుడుగ ఉన్నదనుకుంటదేమో.

దవాఖాన సంచి సదిరిన.
ఆధార్ జిరాక్సులు, స్కానింగు కాయితాలు,
రెండు నైటీలు, ఫ్లాస్కు,
రక్తం గ్రూపు రాసిన చిట్టి.
పైన జానెడు జాగ ఇడిసిపెట్టిన,
పదకొండు బట్టలు పట్టేటంత.
ఎవలు జూడంగ పెట్టదామె,
పెట్టిన అని చెప్పదు.
అందుకే రోజు పొద్దుగాల లేవంగనే
సంచి లేపి బరువు జూస్తున్న.

ఇయ్యాల గూడ తేలికనే ఉన్నది.