తక్కువైన నాలుగు

జీలాంగ్‌లో శుక్రవారం రాత్రి.
బ్రోడీ అరచేతిలో తెల్ల బిళ్ళలు,
పసివాడి చొక్కా గుండీలంత.
"మందే బ్రదర్, డాక్టరు రాసిందే" అన్నాడు.
ఎవరికి రాసిందో
నేనడగలేదు.

కాసేపటికి
నోరెండిపోయింది, మాట మాత్రం వరద.
కియెరాకి నేను, నాకు కియెరా
చిన్ననాటి అవమానాలన్నీ
వడ్డీతో సహా అప్పజెప్పుకున్నాం.
సముద్రపు గాలి చెవులు కోస్తుంటే
గట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి,
మళ్ళీ ఈ చివరికి,
అద్దెకు తెచ్చుకున్న కాళ్ళతో.

రెండింటికి ఓవెన్ తోమడం మొదలెట్టాను.
మూడింటికి చెంచాలన్నీ పొడుగుని బట్టి పేర్చాను,
టీ చెంచా దగ్గర్నుంచి గరిటె దాకా, బడి పిల్లల వరసలా.
నాలుగింటికి
బాత్రూం పలకల మధ్య నల్ల గీతల్ని
పళ్ళ బ్రష్షుతో ఒక్కొక్కటీ.
ఎవరి బ్రష్షో చూడలేదు.
పక్క గదిలో ఎవరో పడీపడీ నవ్వుతున్నారు.
నా పన్ను నా పన్నునే నూరుతోంది.
కిటికీలో తెల్లారితే
ఎవరో తప్పు పట్టుకున్నట్టు ఉలిక్కిపడ్డాను.

శనివారం సంగతి నాకు తెలీదు.
దుప్పటి కింద ఉన్నాను.

ఆదివారం బ్రోడీ అక్క లార్నా వచ్చింది.
గురువారాలు ఆమె కొడుకు ఆర్లో మా ఇంట్లోనే,
వాడి మందు సీసా మా ఫ్రిజ్ మీదే.
ఆమె సీసా బల్ల మీద ఒంపి
వేలితో రెండేసి చొప్పున జరిపింది.
మళ్ళీ అన్నీ దగ్గరికి లాగి
ఈసారి ఒక్కొక్కటిగా.
పందొమ్మిదో తారీఖుదాకా షాపువాడు ఇవ్వడంది,
ఎవరితోనూ కాదు, బిళ్ళలతో.
టీచరు మళ్ళీ చీటీ పంపిందట:
కుర్చీలో ఉండడు, కిటికీలో ఉంటాడు.
బ్రోడీ కెటిల్ పెట్టాడు.
అందులో నీళ్ళు లేవు.

ఆర్లోకి ఎనిమిదేళ్ళు.
సోఫా ఎక్కాడు, దిగాడు, తలుపు తీశాడు, వేశాడు,
సొరుగు లాగి
అలాగే నిలబడిపోయాడు,
ఇంట్లోకి వచ్చాక మొదటిసారి.

"ఇవెవరు సర్దారు?"
"నేనే."
"అన్నీనా? రాత్రా?"
"అవును."
నా మొహంలోకి చూశాడు, దగ్గరగా,
తనలాంటి వాడొకడు దొరికినందుకు
కళ్ళు మెరుస్తుంటే.
"నాకున్నదే నీకూ ఉందా?"

దవడ ఇంకా నొప్పిగానే ఉంది.
నేను నోరు తెరిచేలోపే
వాడు చెంచాలన్నీ గుప్పెట పట్టి
నేల మీద పోసి
మధ్యలో కూర్చున్నాడు.
బల్ల దగ్గర లార్నా
మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడుతోంది.