డొల్ల చప్పుడు

ఏసుపాదం బాబాయి వేన్ అడిగి తెచ్చాడు నాన్న.
వెనక సీటు ఎప్పుడో పీకేశారు.
టైల్సు కోసే మిషను పక్కన
వైట్ సిమెంటు బస్తా మీద దుప్పటి పరుచుకుని అమ్మ,
ఒళ్లో పులిహోర గిన్నె.
నా ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో ర్యాంకు కార్డు.

రోహిణీ కార్తె. కాలవలు కట్టేశారు.
మార్టేరు నుంచి భీమవరం దాకా
ఎండిపోయిన గుర్రపుడెక్క, అడుగున నెర్రెలు,
ఎవరిదో ఒంటి చెప్పు.
రొయ్యల చెరువుల్లో మాత్రం
చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి
నీళ్లకి ఊపిరి పోస్తూ.

మొదటి కాలేజీలో ఏసీ గదిలో కూర్చోబెట్టి
నిమ్మరసం ఇచ్చారు.
టై కట్టుకున్నాయన ఉద్యోగాలు చెబుతున్నాడు, లక్షల్లో.
నాన్న వినడం లేదు.
పెన్నేదో పడిపోయినట్టు వంగి
రూపాయి బిళ్లతో నేల మీద
టక్, టక్,
టొక్.
బయటికొచ్చాక అన్నాడు:
"మూలమూలకీ డొల్లే. మాలు సరిగా నింపలేదు. ఇక్కడొద్దు."
"నేను చదవాల్సింది పుస్తకాలు నాన్నా, నేల కాదు."
"పుస్తకాలూ ఇలాగే కొనుంటారు."

రెండో దాంట్లో హాస్టలు చూపించమన్నాడు.
బాత్రూములో మగ్గుడు నీళ్లు వొంపి నిలబడ్డాడు,
జాలీ వైపు పోతాయా, తలుపు వైపు వస్తాయా అని.
వార్డెనమ్మ నా వైపు చూసింది.
నేను గోడ వైపు చూశాను.
నీళ్లు కాసేపు ఆలోచించుకుని
మా కాళ్ల దగ్గరికే వచ్చాయి.

నరసాపురం రేవులో వేన్‌తో సహా పంటు ఎక్కాం.
పోటు మీదుంది. వేసవిలో ఇక్కడి గోదారి
నోట్లో పోసుకుంటే ఉప్పన.
అమ్మ గిన్నె విప్పింది. విస్తరాకు ఎగిరిపోకుండా
నా ర్యాంకు కార్డు బరువు పెట్టింది.
నాన్న తినడానికి ముందు
పంటు రేకుని మడమతో ఒక్కటి తన్ని చూశాడు.
నవ్వొచ్చింది. నవ్వలేదు.

అమలాపురం దాటాక గేటుకి దూరంగా ఆపాడు.
"ఇది నేనేశాను" అన్నాడు.
ఆరుగురు మనుషులు, నలభై రోజులు,
వరండా పొడుగునా మొక్కజొన్న రంగు టైలు.
"లైబ్రరీ గుమ్మం ముందు ఒకటి అడ్డంగా పడింది.
గీత ఇటు రావాలి, అటెళ్లింది.
అప్పుడే ఫోనొచ్చింది, నువ్వు పుట్టావని.
చూసుకునేసరికి బిగిసిపోయింది.
మేనేజరు కనిపెట్టలేదు. డబ్బులు కొయ్యలేదు."

పద్దెనిమిదేళ్లు మాకెవరికీ చెప్పలేదు.

లైబ్రరీ ముందు ముగ్గురం తలలొంచుకుని తిరుగుతుంటే
వాచ్‌మన్ వచ్చాడు.
"ఏవన్నా పడిపోయిందాండి?"
"ఆయ్, పడిపోయిందండి" అన్నాడు నాన్న,
"చాలా కాలమైంది లెండి."

తెల్లగా, అద్దంలా ఉంది నేల.
పాత వాటిని పీకకుండా పైనే వేసేశారంట, నిరుడు.
అందులో తలకిందులుగా నాన్న, ట్యూబులైటు, నేను.
జేబులోంచి బిళ్ల తీశాడు.
టక్.
రెండడుగులు జరిగాడు. టక్.
గుమ్మం దాకా మోకాళ్ల మీదే వెళ్లాడు.
ఎక్కడా డొల్ల లేదు.
"ఎవడో గానీ పనోడు" అన్నాడు లేస్తూ.
"కింద పని బావుంది కదా మరి" అంది అమ్మ,
ఫీజుల కాగితంతో విసురుకుంటూ.

ఆ కాగితం అడుగున అంకె
నేను రెండుసార్లు చదివాను.
నాన్న చదవలేదు. వేన్ కిటికీలోంచి
ఆ వరండా ఎన్ని గజాలో మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాడు, పెదాలతో.

ముమ్మిడివరం దగ్గర ముంజెలు కొన్నాం.
కొట్టినతను అడిగాడు ఎక్కడికని.
ఎవరం వెంటనే చెప్పలేకపోయాం.

కాకినాడ ఇంకా చాలా దూరం.
వేడిగాలికి సిమెంటు దుమ్ము లేచి
అమ్మ జుట్టు నెరిసినట్టుంది.
చేతికంటిన ముంజె నీళ్లు పరికిణీకి తుడుచుకుని
"ఆ రూపాయి ఇలా ఇయ్యి నాన్నా" అన్నాను.