చిల్లిగవ్వ

ముందు ఒక దీర్ఘచతురస్రం గీయాలి.
నిలువుగా. మరీ పొడుగ్గా వద్దు,
తలుపులా కనిపిస్తుంది, అంది ఉర్వె.
లైబ్రరీలో ఆమె టేబులు, నా కళ్ళద్దాలు,
కిటికీ అవతల హీయుమా దీవి అంతా
మార్చి నెల బురద.

తర్వాత ఒక తెల్లటి చుక్క.
దాన్ని కాపీ చేసి పక్కన పెట్టు, మళ్ళీ కాపీ,
అంచు పొడుగునా చుక్కలు.
ఎలుక కొరికిన రొట్టెలా
తపాలా బిళ్ళకి నాలుగు వైపులా పళ్ళొచ్చాయి.
మూల దగ్గర ఒక పన్ను మాత్రం సగమే పడింది,
ఎంత జరిపినా సర్దుకోదు.
వదిలెయ్, అసలువాటికీ అలాగే ఉండేది,
ముప్పై ఒక్క ఏళ్ళు చింపి ఇచ్చినదాన్ని, నాకు తెలీదా.

మా పోస్టాఫీసు ఇప్పుడు లేదు.
కొట్టు బయట ఇనుప అరల బీరువా నిలబెట్టారు.
ఫోనులో అంకె నొక్కితే తలుపు తెరుచుకుంటుంది,
బాగున్నావా హెల్యో, అని అడగదు.
తప్పు పట్టను. వానలో తడుస్తూ నిలబడుతుంది పాపం,
నేనైతే పొయ్యి పక్కన కూర్చునేదాన్ని.

దేశం పేరేం పెడదాం, అడిగింది ఉర్వె.
ఉన్న దేశం పేరు రాస్తే దొంగబిళ్ళ అవుతుందట.
నేను పనిలో చేరినప్పుడు బిళ్ళ మీద ఒక దేశం,
మానేసినప్పుడు ఇంకొకటి;
కౌంటరు అదే, జిగురు రుచీ దాదాపు అదే.
"వంటిల్లు" అని కొట్టాను.
దానికి సైన్యం లేదు, పిల్లి ఉంది.

వెల?
సున్నా, అన్నాను.
చిల్లిగవ్వ చెయ్యనిదానికి
ఇన్ని చిల్లులెందుకో అని నాకే నవ్వొచ్చింది.

మొదటి బిళ్ళ మీద పోస్టు కారెల్ సైకిలు.
చక్రాలు గుండ్రంగా రాక కోడిగుడ్లయ్యాయి.
షిఫ్టు నొక్కి పట్టుకోవాలట.
కోడిగుడ్లే ఉండనీ, ఆ గుంతల రోడ్డు మీద
అతను నిజంగా అలాగే వచ్చేవాడు.
రెండోదాని మీద గడ్డకట్టిన సముద్రం,
దారి గుర్తుకి మంచులో గుచ్చిన కొమ్మలు.
అదేం కష్టం కాదు: తెలుపు పోసి
ఏడు గీతలు.

మూడోది ఏమిటో చెప్పకుండానే మొదలుపెట్టాను.
బూడిదరంగు కోటు, ఒక త్రికోణం.
తల రుమాలు, ఇంకో త్రికోణం.
ముఖం గీయడం నాకు ఇందులో చేతకాదు,
అల్వీనె తన ముఖాన్ని
ఎవరికీ పూర్తిగా చూపించేదీ కాదు.
ప్రతి మంగళవారం కౌంటరు ముందు నిలబడి
"స్వీడన్ నుంచి ఏమైనా?"
యుద్ధంలో చెల్లెలు పడవెక్కిన ఏడాది నుంచీ అదే మాట,
నాకంటే ముందు పనిచేసినామెని, తర్వాత నన్ను.
లేదు, అనేదాన్ని.
ఒకసారి చూడకుండానే లేదన్నాను,
సంచి ఇంకా విప్పలేదు.
విప్పాక కూడా లేదనుకో.
అయినా.

ముద్ర కూడా వెయ్యొచ్చు, ఉర్వె చూపించింది,
పాత నల్లసిరాలా, అంచు చెదిరినట్టు.
వృత్తం. లోపల ఊరి పేరు. నడుమ తేదీ.
ఏ తేదీ?
నా కుడి మణికట్టు తనంతట తానే
బల్ల మీద రెండుసార్లు పడింది,
ఒకటి సిరాకి, ఒకటి కవరుకి.
ఏదో ఒక మంగళవారం వెయ్యి, అన్నాను.
వెతికి వేసింది:
అక్టోబరు తొమ్మిది, డెబ్బై తొమ్మిది.
ముద్ర కోటు మీద పడింది, రుమాలుకి తగల్లేదు.
ముఖం మీద కొట్టకూడదన్నది నా సొంత నియమం,
అప్పట్లో బిళ్ళల మీద
అన్నీ గడ్డాల ముఖాలే అయినా.

కత్తెర పళ్ళు పెద్దవి, చుక్కల మాట వినలేదు.
వెనక జిగురు లేదని తెలిసీ
నాలుక దాకా తీసుకెళ్ళి ఆగాను.

ఇరవై సెంట్లు, అంది ఉర్వె, రంగుల ప్రింటుకి.
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టాను.
రసీదు కావాలన్నాను.