ఎడమ పక్కకు

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
కిటికీకి లోపలివైపు కూడా మంచు.
హాస్టల్ గదిలో నేనూ సొలోంగో
పన్నెండు కపాల నాడుల్ని మళ్ళీ మొదటినుంచి పిలుస్తాం.
ప్రతిసారీ తొమ్మిదోది పలకదు,
హాజరు వేళ దుప్పట్లోంచి తల బయటపెట్టని వాడిలా.

గుండె అధ్యాయం మాత్రం నాకు కంఠతా వచ్చు.
మైట్రల్ కవాటం ఇరుకైతే బుగ్గలు కందుతాయని
పచ్చ సిరాతో గీత గీసుకున్నాను.
ఈ ఊళ్ళో, ఈ చలిలో, కందని బుగ్గ ఎవరిది?
పాలటీ అమ్మే పిల్లదా, బస్సు డ్రైవరుదా, నాదా?

ఏడో వార్డులో దుల్మా అవ్వ.
ఇరవై ఏళ్ళుగా పరీక్షలకు పిలిస్తే వచ్చే రోగి.
గుండీలు తనే విప్పుకుంది.
"ముందు దాన్ని చంకలో పెట్టి వెచ్చబెట్టు" అంది.
వెచ్చబెట్టాను. విన్నాను.
లబ్, డబ్. ఇంకేమీ లేదు.
ప్రొఫెసర్ వాచీ చూసుకుంటున్నాడు.
అవ్వ పైకప్పు చూస్తూ చూస్తూ
నిద్రలో ఒత్తిగిలినట్టు
ఎడమ పక్కకు తిరిగింది.

అప్పుడు వినిపించింది,
దూరంగా గడ్డకట్టిన నది మీద
బరువు బండేదో వెళుతున్న గురగుర.

జవాబు చెప్పాను. మార్కులు వేశారు.
స్టెతస్కోపు మెడలో వేసుకుంటుంటే
అవ్వ గుండీలు పెట్టుకుంటూ,
"బాగానే విన్నావులే.
మెట్లెక్కుతూ ఎక్కడ ఆగిపోతానో
నువ్వూ అడగలేదు" అంది.

ఆ రాత్రి పచ్చ గీత పక్కన
పెన్సిల్‌తో రాసుకున్నాను: ఎన్నో మెట్టు?
సొలోంగో నిద్రపోయింది.
తొమ్మిదో నాడి ఇంకా పలకలేదు.